ఆపరేషన్‌కు ముందు భయం, నర్సు చేయగలిగే సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు పెద్దాసుపత్రికి గానీ, ఒంగోలు రిమ్స్‌కు గానీ, ఈ రెండు ఊళ్లలోని ప్రైవేటు ఆసుపత్రులకు గానీ శస్త్రచికిత్స కోసం వచ్చేవారిలో చాలామంది ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వంటి చోట్ల నుంచి బస్సెక్కి వచ్చినవారే. వార్డులో చేరిన సాయంత్రం నుంచి ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వాళ్లు అడిగే ప్రశ్నలు, అడగాలనుకుని మింగేసే ప్రశ్నలు ఇక్కడ కూర్చాం. తోడున్నవారి ప్రశ్నలు, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సుల ప్రశ్నలు కూడా ఇందులోనే ఉన్నాయి. మందులు, ఉపవాసం విషయంలో మీ డాక్టరు, మీ మత్తు డాక్టరు చెప్పినదే చివరి మాట.

ఆపరేషన్ అంటే ఇంత భయం వేయడం సహజమేనా?

సహజమే. ధైర్యవంతులని ఊరంతా చెప్పుకునేవారికి కూడా ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. భయం వల్ల ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, చేతులు చల్లబడతాయి, మాటిమాటికీ మూత్రం వస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. ఎన్నడూ బీపీ లేని మనిషికి ఆ ఉదయం బీపీ ఎక్కువ చూపించి, కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూస్తే తగ్గడం వార్డులో తరచుగా కనిపించేదే. అయితే బీపీ మరీ పెరిగి తగ్గకపోతే ఆపరేషన్ వాయిదా పడవచ్చు కాబట్టి, భయాన్ని దాచుకోవడం కంటే నర్సుతో చెప్పుకోవడమే మేలు.

నర్సు వచ్చి "భయపడకండి" అని ధైర్యం చెబితే సరిపోదా?

మాట మంచిదే గానీ, దానివల్ల ఒనగూరేది తక్కువ. "భయపడకండి, ఏం కాదులే" అనగానే రోగి తల ఊపి ఊరుకుంటాడు, భయం మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆపరేషన్ భయం అని మనం ఒక్క మాటలో తేల్చేసే దాని లోపల ఒక్కొక్కరికి ఒక్కో సంగతి ఉంటుంది. ముత్తుకూరు వైపు నుంచి హెర్నియాకు వచ్చిన రైతును బాధించేది కోత కాకపోవచ్చు. తాను మంచం మీద ఉన్న రోజుల్లో అర్ధరాత్రి కరెంటు పోయి రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే చూసే దిక్కెవరన్నది ఆయన దిగులు కావచ్చు. గర్భసంచి తీయించుకోవడానికి వచ్చిన ఆమెకు మత్తులో ఇంటి గుట్టు ఏదైనా బయటపెడతానేమోనన్న బెంగ ఉండవచ్చు. దగ్గరి బంధువు ఆసుపత్రిలోనే పోయిన మనిషికి ఆ వరండా, ఆ మంచం, ఆ వాసన చాలు, కాళ్లు వణకడానికి.

ఈ ముగ్గురికీ ఒకే ఓదార్పు పనికిరాదు. మొదటి ఆయనకు కావలసింది బావమరిదికి ఒక ఫోను చేసుకునే వీలు. రెండో ఆమెకు, పూర్తి మత్తులో ఉన్న మనిషి మాట్లాడలేరనీ, తేరుకునేటప్పుడు ఒకటి రెండు మాటలు దొర్లినా థియేటర్‌లోని వారెవరూ వాటిని బయటికి మోసుకెళ్లరనీ స్పష్టంగా చెప్పాలి. మూడో మనిషికి వీలైతే మంచం మార్చడం, వీలుకాకపోతే ఇంటివారిని దగ్గర కూర్చోనివ్వడం. అందుకే "భయంగా ఉందా?" అని అడగడానికి బదులు "దేని గురించి ఎక్కువ దిగులుగా ఉందమ్మా?" అని అడిగి, కాసేపు తాను మాట్లాడకుండా ఉండాలి. మొదటి జవాబు చాలాసార్లు "ఏం లేదు సిస్టరమ్మా" అనే వస్తుంది. రెండో జవాబు దాకా ఆగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఇందుకు కొలతలు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో తయారై 1996లో ప్రచురితమైన ఆంస్టర్‌డామ్ ప్రశ్నావళిలో ఆరు వాక్యాలే ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేయాలి. రెండు వాక్యాలు మత్తు గురించి, రెండు ఆపరేషన్ గురించి, మిగిలిన రెండు "నాకు ఎంత వివరం తెలియాలి" అన్నదాని గురించి. నాకు ఆ చివరి రెండే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. వివరం కోరే మనిషికి, వివరం వద్దనే మనిషికి మధ్య తేడా నర్సు తెలుసుకోకపోతే ఎంత ప్రేమగా మాట్లాడినా ఒకరికి తక్కువవుతుంది, మరొకరికి ఎక్కువవుతుంది.

జరగబోయేదంతా ముందే చెబితే ఇంకా హడలిపోరా?

ఏం చెబుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు 1964లో ప్రచురించిన ఒక పరిశీలన ఇప్పటికీ నర్సింగ్ తరగతుల్లో ప్రస్తావనకు వస్తుంది. కడుపు ఆపరేషన్ చేయించుకోబోయేవారిలో కొందరికి ముందురోజే, నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంతకాలం ఉంటుంది, పక్కకు ఎలా తిరగాలి, కండరాలను ఎలా వదులు చేసుకోవాలి అని వివరించి చెప్పారు. ఆపరేషన్ తరువాత వారికి అవసరమైన నొప్పి మందు, చెప్పనివారికి పట్టినదానిలో సుమారు సగానికి తగ్గింది. అంటే "నొప్పి ఉండదు" అన్న అబద్ధం కంటే "నొప్పి ఉంటుంది, ఇలా ఉంటుంది, అప్పుడు మేం ఇది చేస్తాం" అన్న నిజమే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది.

కోసే తీరు, కుట్టే తీరు వర్ణించనక్కరలేదు. రోగి కంటికి, చెవికి, ఒంటికి ఏం తెలుస్తుందో అది చెబితే చాలు. థియేటర్‌లో ఏసీ వల్ల చలిగా ఉంటుంది, అడిగితే దుప్పటి ఇస్తారు. బల్ల సన్నగా ఉంటుంది, పైన పెద్ద లైటు ఉంటుంది. ఛాతీ మీద అతికించే ఈసీజీ పట్టీలు చల్లగా తగులుతాయి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడతారు, చేతికి కట్టిన బీపీ పట్టీ కొద్ది నిమిషాలకోసారి దానంతటదే బిగుస్తుంది. ఆపరేషన్ అయ్యాక వణుకు రావడం, గొంతు ఎండి బొంగురుపోవడం, వాంతి వచ్చినట్టు ఉండడం మామూలేననీ, ముఖానికి ఆక్సిజన్ మాస్కు కనిపిస్తే ప్రాణం మీదికి వచ్చినట్టు కాదనీ ముందే తెలిసినవారు లేవగానే కంగారుపడరు. వినడం ఇష్టం లేనివారికి మాత్రం "ఎప్పుడైనా అడగండి" అని చెప్పి, ఉపవాసం వంటి తప్పనిసరి విషయాలతో ఆపేయాలి.

మత్తు ఇచ్చాక మళ్లీ లేస్తానా? మధ్యలో మెలకువ వస్తే?

చాలామంది పైకి అడగని ప్రశ్న ఇదే. మత్తు డాక్టరు ఒక సూది వేసి వెళ్లిపోతారని కొందరు అనుకుంటారు. నిజానికి మత్తు బృందం ఆపరేషన్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తలవైపే ఉండి ఊపిరి, నాడి, బీపీ, రక్తంలో ఆక్సిజన్ గమనిస్తూ మందును సరిచేస్తూ ఉంటుంది. ఈ ఒక్క సంగతి చెబితే ముఖాలు తేటపడడం చూశాం. మధ్యలో మెలకువ రావడం చాలా అరుదు. బ్రిటన్‌లో 2014లో వెలువడిన పెద్ద పరిశీలనలో సుమారు 19,000 మందిలో ఒకరు అలా జరిగిందని చెప్పినట్టు తేలింది. ప్రమాదం అసలే లేదని నర్సు హామీ ఇవ్వకూడదు. గుండె జబ్బు, ఆస్తమా, గురక వంటివి ఉన్నవారు తమకు ప్రత్యేకంగా ఎంత ముప్పు ఉందో మత్తు డాక్టరునే అడగాలి. ఆయన వార్డుకు వచ్చినప్పుడు ఆ ప్రశ్న రోగికి గుర్తుచేయడం నర్సు పని.

వీపులో మత్తు సూది వేయించుకుంటే జీవితాంతం నడుము నొప్పి తప్పదంటారు, నిజమేనా?

సిజేరియన్ అయిన ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. సూది పడిన చోట కొన్ని రోజులు నొప్పిగా ఉండవచ్చు గానీ, ఏళ్లతరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూదే కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు. బిడ్డను మోయడం, వంగి పాలివ్వడం, గర్భంతో సాగిన కండరాలు బలపడకపోవడం వంటి కారణాలే ఎక్కువ. సూది వెన్నుపాములో దిగుతుందన్న భయం కూడా అక్కరలేదు. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది దానికి కిందుగా వేస్తారు. మందు ఎక్కగానే కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, కాసేపు తనవి కానట్టు అనిపిస్తాయి. కొన్ని గంటల్లో మామూలవుతాయి. తరువాతి రోజుల్లో కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం వెంటనే చెప్పాలి, దానికి వైద్యం ఉంది.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవారిలో కొందరికి వెన్ను బిగుసుకుపోయి ముందుకు వంగడం కష్టం. అలాంటివారిలో సూది దిగడం కూడా కష్టం కావచ్చు. "వంగు పెద్దాయనా, ఇంకా వంగు" అని థియేటర్‌లో గద్దిస్తే ఆయన సిగ్గుతో, నొప్పితో బిగుసుకుపోతాడు. వార్డులో ఉండగానే ఎంతవరకు వంగగలడో చూసి, కేస్ షీట్‌లో రాసి, మత్తు డాక్టరుకు ముందే తెలియజేసిన నర్సు ఆయనకు ఎంతో మేలు చేసినట్టు.

నీళ్లు కూడా తాగవద్దని ఎందుకంటారు?

మత్తులో కడుపులోని పదార్థం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. మామూలుగా ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం మత్తుకు 6 గంటల ముందు, మాంసం, వేపుళ్లు 8 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపేయాలి. మీ ఆసుపత్రిలో చెప్పిన సమయం వేరైతే దాన్నే పాటించండి. పాల టీ, మజ్జిగ, అంబలి నీళ్ల లెక్కలోకి రావు. "రేపటి నుంచి ఏం తింటాడో" అని ముందురోజు రాత్రి పొద్దుపోయాక చేపల పులుసు అన్నం తెచ్చి పెట్టే ప్రేమ మన నెల్లూరులో కొత్తేమీ కాదు. అందువల్ల ఎందుకు వద్దంటున్నామో రోగికి ఒక్కరికే కాక అన్నం క్యారియర్ తెచ్చేవారికి కూడా చెప్పాలి. పొరపాటున ఏదైనా తిని ఉంటే దాచవద్దు; ఎవరూ తిట్టరు, తిట్టకూడదు. ఒకవేళ కేసులు ఆలస్యమై రోగి మధ్యాహ్నం దాకా ఎండిన పెదవులతో కాచుకుని ఉంటే, కొంచెం నీళ్లు ఇవ్వవచ్చా అని మత్తు డాక్టరును అడిగి రావడం నర్సు బాధ్యత.

తాళి, మెట్టెలు, తాయెత్తు అన్నీ తీసేయాలా?

లోహం ఏదైనా తీసేయమంటారు. రక్తనాళాలను మాడ్చి మూయడానికి వాడే కరెంటు పరికరం వల్ల ఒంటి మీది లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది. చేతులు వాచితే ఉంగరాలు, గాజులు బిగుసుకుంటాయి. కారణం చెప్పకుండా "తాళి తీసెయ్" అని ఒక్క మాట విసిరితే, ఆపరేషన్ భయానికి అపశకునం భయం తోడవుతుంది. బంగారం తీసి అత్తగారికో అమ్మకో అప్పగించి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న పద్ధతే. ఆపరేషన్ జరిగే చోటికి అడ్డం కాకపోతే థియేటర్‌లో సాధారణంగా అభ్యంతరం ఉండదు, మెడ, ఛాతీ ఆపరేషన్లకు మాత్రం అదీ తీయాలి. ఆ పని నలుగురి ముందు కాకుండా తెర వేసి, ఆమె చేతులతో ఆమెనే తీసుకోనివ్వడం మర్యాద. బిగుసుకున్న మెట్టెలకు సబ్బునీళ్లు పూస్తే వస్తాయి.

బారాషహీద్ దర్గా నుంచి తెచ్చుకున్న తాయెత్తు, జొన్నవాడ కామాక్షమ్మ కుంకుమ, దిండు కింద పెట్టుకున్న ఆరోగ్య రొట్టె (ఆ దర్గా రొట్టెల పండుగలో ఆరోగ్యం కోరి తీసుకునేది), వీటిని చూసి నవ్వకూడదు. తాయెత్తును కవరులో వేసి తోడున్నవారికి ఇచ్చి "మీరు బయటికి రాగానే కట్టిస్తాం" అని చెబితే చాలు, చెప్పినట్టు కట్టించాలి. రొట్టె మాత్రం ఆపరేషన్ తరువాత డాక్టరు తినమన్నప్పుడే. గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే వేలి క్లిప్పు సరిగా చూపించకపోవచ్చు కాబట్టి కొన్ని రోజుల ముందు నుంచి పెట్టుకోకపోవడం మంచిది. కట్టుడు పళ్లు తీయాలి. నలుగురిలో తీయడానికి సిగ్గుపడేవారికి థియేటర్ దగ్గర తీసే వీలు కల్పించవచ్చు. వినికిడి యంత్రం మత్తు ఇచ్చేదాకా ఉంచడమే నయం, లేకపోతే చెప్పే ధైర్యం ఒక్కటీ వినపడదు.

అమావాస్య అని వాయిదా అడగవచ్చా?

అత్యవసరం కాని ఆపరేషన్ అయితే తేదీ ఇచ్చేటప్పుడే అడగండి. కడుపులో అపెండిక్స్ పగిలేలా ఉన్నప్పుడు తిథి చూడకూడదు.

ఆ రోజే నెలసరి వస్తే?

సిస్టర్‌తో చెప్పండి. చాలా ఆపరేషన్లకు అది అడ్డంకి కాదు, నిర్ణయం డాక్టరుది. అంటు, ముట్టు అని వార్డులో ఎవరూ వేరుగా చూడరు.

రోజూ మందు తాగే అలవాటు ఉంది. ఇంట్లోవాళ్ల ముందు ఎలా చెప్పడం?

ఇంట్లోవాళ్లను బయటికి పంపి అడగడం నర్సు నేర్వవలసిన చిన్న ఉపాయం. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, మతి తప్పి మాట్లాడడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. ముందే తెలిస్తే మందులతో నివారించవచ్చు. సిగరెట్, గుట్కా సంగతి కూడా అంతే. ఆస్పిరిన్ వంటి రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు, నాటుమందులు, అన్నీ చెప్పాలి. ఏది ఆపాలో ఏది వేసుకోవాలో సొంతంగా నిర్ణయించుకోకూడదు. మీరు చెప్పిన సంగతి నర్సు నుంచి డాక్టరుకు చేరుతుంది గానీ మీ మామగారికి చేరదు.

అమ్మకు క్యాన్సర్ అని చెప్పవద్దు అని నర్సును కోరవచ్చా?

కోరుతారు, ప్రేమతోనే కోరుతారు. అయితే ఆమె నర్సు చెయ్యి పట్టుకుని "నిజం చెప్పు తల్లీ, గడ్డేనా?" అని అడిగితే నర్సు అబద్ధం చెప్పకూడదు, బంధువులను దాటి జబ్బు పేరు ప్రకటించనూ కూడదు. "మీకు ఏమని అనిపిస్తోందమ్మా?" అని అడిగి వినాలి, ఆమె తెలుసుకోగోరుతున్నదని గ్రహిస్తే డాక్టరుకు చెప్పి, కుటుంబం సమక్షంలో మాట్లాడే ఏర్పాటు చేయాలి. తెలియదని ఇంటివాళ్లు అనుకుంటున్న చాలామంది రోగులకు తెలిసే ఉంటుంది. కొడుకు ముఖం చూసి కనిపెట్టలేని తల్లి ఎక్కడుంది? పైగా సమ్మతి పత్రం మీద సంతకం చేయవలసింది ఆమె. దేనికి సంతకం చేస్తున్నదో తెలియని సంతకానికి అర్థం లేదు. ఒక ఆపరేషన్‌కు ఇచ్చిన సమ్మతి, ప్రాణాపాయ పరిస్థితిలో తప్ప, మరో ఆపరేషన్‌కు చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. మేజరైన స్త్రీ తన స్పృహలో ఉండగా ఆమెకు బదులు భర్తో కొడుకో సంతకం చేయడం సరిపోదు.

చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

"సూది వేయరు" అని చెప్పి వేయించకండి. ఆ తరువాత ఆ బిడ్డ తెల్లకోటు కనిపిస్తే చాలు ఏడుస్తాడు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అమ్మ పక్కనే ఉంటుంది" అనడం మంచిది. ఇష్టమైన బొమ్మను లోపలికి తీసుకెళ్లే వీలుందేమో అడగండి. తల్లి ఏడుస్తూ సాగనంపితే బిడ్డకు అదే ప్రమాద సూచన.

ఒక్క నర్సుకు వార్డు నిండా రోగులుంటే ఇంత సేపు ఎవరితో మాట్లాడగలం?

కొత్త సిస్టర్లు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనది. రాత్రి డ్యూటీలో సెలైన్లు, ఇంజెక్షన్లు, కేస్ షీట్లు అన్నీ ఒక్కరి నెత్తి మీదే ఉన్నప్పుడు దయ గురించి ఉపన్యాసం వినడానికి ఎవరికీ ఓపిక ఉండదు. సిబ్బంది కొరత తీర్చవలసింది యాజమాన్యాలు, ప్రభుత్వం. నర్సు మంచితనంతో ఆ లోటు పూడదు. అయినా కేన్యులా (సెలైన్, ఇంజెక్షన్ల కోసం నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టడానికి ఎలాగూ రెండు మూడు నిమిషాలు రోగి పక్కన ఉంటాం. ఆ సమయంలో పక్క మంచం వాళ్లతో మాట్లాడకుండా, కూర్చుని, పేరుపెట్టి పిలిచి, పైన చెప్పిన ఒక్క ప్రశ్న అడిగితే అదనపు సమయం పట్టదు. "మూడో నంబరు హెర్నియా" అని రోగి వింటుండగా పిలవకుండా ఉండడానికైతే సమయమే అక్కరలేదు. పెద్దవారిని అమ్మా, పెద్దమ్మా, పెద్దాయనా అని పిలిచే మన అలవాటు మేలు చేస్తుంది. కొందరు ఉద్యోగస్తులు "గారు" అన్నదే కోరుకుంటారు, అడిగి తెలుసుకోవచ్చు.

భయం మరీ ఎక్కువైన మనిషితో కలిసి ఊపిరి తీయండి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువ సేపు వదలాలి. కొన్నిసార్లు చేస్తే నాడి నెమ్మదిస్తుంది. "ఊపిరి పీల్చు" అని ఆజ్ఞాపించి వెళ్లిపోతే ఫలితం ఉండదు, పక్కన నిలబడి మీరూ చేయాలి. చెయ్యి పట్టుకునే ముందు, ముఖ్యంగా వేరే లింగం వారైతే, ముఖం చూసి ఇష్టమో కాదో గ్రహించండి.

నిద్రమాత్ర ఇమ్మంటే ఇస్తారా?

డాక్టరు రాస్తేనే. వృద్ధులకు, గురక జబ్బు ఉన్నవారికి ఆ మాత్ర ఊపిరిని మందగింపజేయవచ్చు, అందుకే అందరికీ రాయరు. ఇంటి నుంచి తెచ్చుకున్నది రహస్యంగా వేసుకోవద్దు.

థియేటర్‌లో పేరు, ఆపరేషన్ ఏమిటని మళ్లీ మళ్లీ ఎందుకు అడుగుతారు? వాళ్లకే తెలియదా?

ఈ అనుమానంతో చివరి క్షణంలో హడలిపోయేవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా పట్టికలో 19 అంశాలు ఉన్నాయి. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ నుంచి బయటికి వచ్చే ముందు, మూడు దశల్లో వాటిని పైకి చదివి సరిచూస్తారు. ఎడమ కాలుకు బదులు కుడి కాలు, ఒకరికి బదులు మరొకరు కాకుండా ఉండడానికే ఈ అడగడం. ఎవరూ అడగకపోతేనే మీరు అడగాలి. ఈ సంగతి వార్డులోనే చెప్పి పంపడం నర్సుకు ఒక వాక్యం పని.

తోడున్నవారు ఏం చేయాలి?

ఇద్దరు చాలు, పదిమంది వద్దు. స్ట్రెచర్ కదిలేటప్పుడు శోకాలు పెట్టవద్దు. ఫలానావాడికి ఆపరేషన్ వికటించిన కథ మంచం పక్కన చెప్పవద్దు. ఈ కథలు మోసుకొచ్చే చుట్టాన్ని టీ తాగడానికి పంపడం నర్సులకు బాగా తెలిసిన చికిత్స. రెండు గంటలని చెప్పిన ఆపరేషన్ మూడు గంటలైతే ఏదో జరిగిందని అనుకోకండి, మత్తు ఇవ్వడానికి, తేరుకోవడానికి పట్టే సమయం అందులో కలవదు. ఆలస్యమైనప్పుడు తలుపు తీసి "ఇంకా జరుగుతోంది, అంతా సవ్యంగా ఉంది" అని ఒక మాట నిజమైతేనే చెప్పి వెళ్లే నర్సును ఆ కుటుంబం తలుచుకుంటూనే ఉంటుంది.

సంతకం పెట్టాక, థియేటర్ తలుపు దాకా వెళ్లాక వద్దనిపిస్తే?

వద్దనవచ్చు. మత్తు ఇవ్వకముందు ఏ క్షణంలోనైనా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు రోగికి ఉంది. నర్సు చేయవలసింది స్ట్రెచర్ ఆపించి, డాక్టరును పిలవడం. "ఇంతమందిని ఇబ్బంది పెడతావా" అని నిందించడం కాదు. చాలాసార్లు అక్కడ ఐదు నిమిషాలు ఆగితే ఇంకా అడగని ప్రశ్న ఒకటి బయటికి వస్తుంది, దానికి జవాబు దొరికాక రోగి తనంతట తానే లోపలికి వెళతాడు. అప్పటికీ వద్దంటే, ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుందో డాక్టరు వివరించి, ఆ నిర్ణయాన్ని కేస్ షీట్‌లో రాయాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవారు అనుమతి సంగతి ఏమవుతుందో, మళ్లీ తేదీ ఎలా తీసుకోవాలో ఇంటికి బయలుదేరే ముందే ఆసుపత్రిలోని పథకం హెల్ప్ డెస్క్ దగ్గర అడిగి తెలుసుకోవాలి.